మొదటి గుటక

గోరింక ఎవరితోనూ అనని మాట ఒకటుంది. చెరువు కాపలా కొలువుకి అది రెండుసార్లు పోటీపడి, రెండుసార్లూ తీతువు చేతిలో ఓడిపోయింది.

ఆ ఏడు వానల్లేవు. చెరువు మడుగైపోయింది. అడవి ఉమ్మడి గింజల కొట్టు అడుగంటింది. అయినా తీతువు జీతం పెంచమని అడిగింది. పెద్ద ఏనుగు చాలాసేపు ఆలోచించి, "గింజల్లేవమ్మా. రోజూ పొద్దున్నే మొదటి గుటక నీది. నీ తర్వాతే మేమంతా" అంది.

గోరింకకి కడుపు రగిలిపోయింది. "మనకి గొంతు తడవడమే గగనం, సర్కారువారికి మాత్రం పెంపు!" అని కొమ్మకొమ్మకీ తిరిగి చెప్పింది.

"మూడేళ్ళుగా పెంచలేదే చెల్లీ. ఎండలో ఆ రాళ్ళ మీద ఒక్కపూట నిలబడి చూడు" అంది తీతువు.

"నిలబడ్డానికి కూడా జీతమేనా అక్కా!" అని గోరింక వెటకారంగా నవ్వింది.

ఆ వైభోగమేమిటో చూద్దామని మర్నాడు తెల్లారేసరికి తుమ్మకొమ్మ మీద కూర్చుంది. తీతువు సంబరంగా నీళ్ళకేసి నడుస్తోంది. మిగతా జంతువులన్నీ బాగా దూరంగా నిలబడి చూస్తున్నాయి. ఒడ్డున బురదలో ఒక దుంగ ఉంది. ఆ దుంగకి కళ్ళున్నాయి. నీళ్ళు తగ్గి, మొసలి ఒడ్డుకే చేరింది.

అందరూ వెనకెందుకు ఆగారో గోరింకకి అప్పుడర్థమైంది. తను ఊరుకుంటే చాలు, కొలువు ఖాళీ అవుతుంది. కాసేపు ఊరుకుంది కూడా. తీతువు ఇంకో రెండడుగులు వేసింది.

గోరింక కడుపులో మంట చల్లారలేదు. మండితే మండనీ అనుకుని, అక్కని పిలవడానికి నోరు తెరిచింది.