చుక్కి దొంగ నెమరు

నేనెప్పుడూ కథ రాయలేదు, నోటితో చెప్పడమే అలవాటు.

ఒక దొడ్లో చుక్కి అనే మేకపిల్ల ఉండేది. నిన్నటిదాకా ఆకులు మేసిన పిల్ల, ఇవాళ కొత్తగా పెట్టిన జొన్నల్లో తల దూర్చి గొంతుదాకా మేసింది. సాయంత్రానికి పొట్ట బిగుసుకుంది, నీళ్ల పారుడు పట్టుకుంది.

"పొట్టటే అది, డప్పా?" అంది ముసలి మేక ఎర్రవ్వ. "పొట్ట కుదుటపడి నువ్వు నెమరేసేదాకా ఎండుగడ్డి, ఉప్పునీళ్లే. తర్వాత కూడా రోజుకి కాసిని గింజలే. ఈలోగా జొన్నలకేసి చూశావో, పొడిచేస్తా!"

చుక్కి ప్రాణమంతా జొన్నల మీదే ఉంది. కాసేపాగి ఖాళీ నోరే అటూ ఇటూ ఆడించింది.

"అవ్వా, నెమరేస్తున్నా! ఇక వెళ్లనా?"

"అలాగా! అయితే అది మింగేసి, ఇంకో ముద్ద పైకి తే."

చుక్కి ఉత్త గుటక వేసి, మెడ సాచి ముక్కింది. ముద్ద రాలేదు, పుల్లటి తేన్పు వచ్చింది. గంప మీది కోడి పడీపడీ నవ్వింది.

"అబ్బ, కంపు! పోయి గడ్డి తినవే, దొంగముండా!" అంది ఎర్రవ్వ.

చుక్కి ఉక్రోషంగా గడ్డి కొరికింది, నీళ్లు తాగింది.

మర్నాడు పొద్దున్నే గొంతులోకి నిజం ముద్దే వచ్చింది. చుక్కి జొన్నల మాటే మరిచిపోయి ఎర్రవ్వ దగ్గరికి పరిగెత్తింది. నిద్రపోతున్న అవ్వ ముక్కుకి ముక్కు ఆనించి, ఆవిడ కళ్లు తెరిచేదాకా మింగకుండా నములుతూనే నిలబడింది.