చెప్పని ఆపరేషన్

"శుక్రవారం ఆస్పత్రిలో చేరాలన్నారండీ. చిన్న ఆపరేషనేనట. మీరు సెలవు పెట్టండి," అంది సుగుణమ్మ, పిల్లల కంచాల్లో పప్పు వడ్డిస్తూ.

రత్నకుమార్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పెళ్ళయి మూడేళ్ళు. కడుపు పండటం లేదని ఆమె ఆరు నెలలుగా డాక్టరమ్మ చుట్టూ తిరుగుతోంది. ఎన్ని మందులు మింగిందో, ఎన్ని పరీక్షలకు ఒప్పుకుందో లెక్కలేదు. లోపం ఆమెది కాదని ఈ భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే అనుకుంటున్నాడు రత్నకుమార్. మొదటి భార్య రెండో కాన్పులో చచ్చి బతికినప్పుడు, ఇక పిల్లలు వద్దని కుటుంబ నియంత్రణ కాంపుకు వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నది ఆయనే. ఆ తర్వాత ఆమె పోయింది. సుగుణమ్మను చేసుకునేటప్పుడు ఆ సంగతి దాచాడు. చెబితే కాదంటుందని భయం.

ఆ ఇద్దరు పిల్లల్నీ ఇప్పుడు ఆమే సాకుతోంది. చిన్నవాడికి ఆటలమ్మ పోసినప్పుడు బడిలో పంతులమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టి పది రోజులు వాడి పక్కనుంచి లేవలేదు. ఆమె రుణం ఏ జన్మలో ఏం చేస్తే తీరుతుందో అనుకునేవాడు. అలాంటి మనిషిని, తన అబద్ధం కోసం కత్తి కిందికి పంపాలి.

మర్నాడు యూనివర్సిటీ లైబ్రరీలో ఆయనకు పని సాగలేదు. మధ్యాహ్నం కాంపస్ దవాఖానకు వెళ్ళి, డాక్టర్ బాలస్వామి గదిలో తలుపు దగ్గరగా వేసి, ఉన్నదంతా చెప్పేశాడు. గోడమీది కుటుంబ నియంత్రణ బొమ్మలో ఎర్ర త్రికోణం, దాని కింద నలుగురు మనుషుల కుటుంబం నవ్వుతూ ఉంది.

బాలస్వామి కోప్పడలేదు. కోసిన నాళాన్ని మళ్ళీ కలిపే సర్జన్లు ఊళ్ళో ఒకరిద్దరు ఉన్నారన్నాడు. కలిపినా పదిమందిలో ముగ్గురు నలుగురికే పిల్లలు పుడతారనీ, ఏళ్ళు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుందనీ దాచకుండా చెప్పాడు. అది వద్దనుకుంటే అనాథాశ్రమం నుంచి బిడ్డను తెచ్చుకోవచ్చు. ఇంకొకరి బీజంతో గర్భం వచ్చేలా చేసే పద్ధతి కూడా ఉందని గొంతు తగ్గించి అన్నాడు.

"మూడు దార్లున్నయి, రత్నకుమార్. ఏ దారి పట్టాలన్నా ముందుగాల ఇంట్ల చెప్పాలె."

ఆ సాయంత్రం బస్సెక్కకుండా తార్నాక దాకా నడిచాడు, దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ. ఇంటికి వెళ్ళేసరికి ఆమె పెద్దవాడికి ఎక్కాలు చెప్పిస్తోంది. చెప్పకుండానే భోంచేసి పడుకున్నాడు. బుధవారం కూడా అంతే. గురువారం ప్రార్థనలో మోకరించి ధైర్యం ఇమ్మని అడిగాడు.

శుక్రవారం పొద్దున ఆస్పత్రి వరండాలో బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు. లోపల ఎక్కడో ఇనప పళ్ళెంలో కత్తెరలు పడేసిన చప్పుడైంది. ఇక ఆగలేకపోయాడు.

"సుగుణా, లే. ఇంటికి పోదాం. నీకే లోపమూ లేదు. నేను... నేను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. నిన్ను చేసుకోకముందే. మోసం చేశాను."

ఆయన తలెత్తలేదు. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె కొంగు అంచు సర్దుకుంది.

"నాకు తెలుసండీ," అంది.

మూడు నెలల కిందట డాక్టరమ్మే అడిగిందట, మీ ఆయన ఆపరేషన్ గానీ చేయించుకున్నాడా అని. లాలాగూడలో ఉన్న ఆయన అక్కయ్య దగ్గరికి వెళ్ళి నిలదీస్తే, మొదటి ఆమె బతికుండగా తనకు చెప్పిందని ఆవిడ ఏడ్చి ఒప్పుకుందట. నాలుగు రోజులు అన్నం సయించలేదని చెప్పింది సుగుణమ్మ. పుట్టింటికి వెళ్ళిపోదామని కూడా అనుకుందట.

"మరి ఎందుకు ఉండిపోయావు?"

"పోయిన క్రిస్మస్‌కి మీ అమ్మగారు నన్ను గొడ్రాలన్నారు. మీరు అన్నం ముందునుంచి లేచి, ఆ మాట ఇంకోసారి అంటే ఈ ఇంట్లో కూర్చోనన్నారు. అప్పుడు అర్థం కాలేదు. తెలిశాక అర్థమైంది. దాచారు గానీ, మీ తప్పు నా మీదికి తోయలేదు. చేతుల్లో ఇద్దరు బిడ్డల్ని పెట్టారు, అమ్మా అనిపించారు. మిగిలింది మీ నోటితో మీరే చెబుతారని చూశాను."

రత్నకుమార్ కళ్ళు తుడుచుకున్నాడు. క్షమించమని అడగాలో, దేవుడికి స్తోత్రం చెప్పాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నలుగురూ చూస్తున్నారన్న బిడియం కూడా కలగలేదు. కాసేపటికి ఒక అనుమానం వచ్చింది.

"అన్నీ తెలిసి, ఇక ఈ ఆపరేషన్ దేనికి సుగుణా?"

ఆమె జవాబు చెప్పేలోపే ఆయా సమ్మక్క చేతిలో కాగితంతో వరండాలోకి వచ్చింది.

"రత్నకుమార్ అంటే మీరేనా సారూ? నరం కలిపే ఆపరేషన్‌కు ఈ అమ్మగారు సోమవారమే మీ పేరు మీద బెడ్డు చెప్పిపోయింది. మీరు ఒప్పుకుంటే గీడ సంతకం పెట్టుమన్నడు పెద్ద డాక్టరు."