గడప లేని గది

హైటెక్ సిటీ భవనాలు లేస్తున్న రోజులు. కొండాపూర్‌లో కడుతున్న తన ఇంట్లో చెక్క ఓడల నమూనాలు చేసుకోవడానికి కృపానందం ఒక గది వేయించుకుంటున్నాడు. కాసేపట్లో మేస్త్రీ వచ్చి దానికి దర్వాజా నిలబెడతాడు. ఈలోగా పనిబల్ల ఎత్తు చూసుకుని గోడమీద సుద్దతో గీత గీశాడు.

"ఇంకా కిందికి గీయండి," అంది భార్య రాహేలు.

"నిలబడి చేసే పని. నడుము దాకా ఉండాలె."

"కిందికే ఉండాలె. దర్వాజా గింత ఇరుకు వద్దు. గడప అసలే వద్దు."

అతనికి ఒళ్లు మండింది. ఇల్లంతా ఆమె చెప్పినట్టే కట్టించాడు. "ఈ ఒక్క గదైనా నాకు వదులు! దవాఖానల నర్సువి, ఓడల పని నీకేం తెలుసు?"

ఆమె కొంగుతో గీత తుడిచేసింది. అతను మళ్లీ గీశాడు. ఆమె అతని చేతిలోని సుద్ద లాక్కుని, కూర్చున్న మనిషి మోచేతి ఎత్తున గీయబోయింది.

కృపానందం ఆ చేతిని పట్టుకున్నాడు. పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద అతని కాళ్లు పట్టు తప్పాయి. అప్పుడు చేయించిన పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదని చెప్పింది రాహేలే.

"రిపోర్టులు వచ్చినయా?"

ఆమె తలూపింది. "చేతులకేం కాదన్నడు డాక్టరు. కాళ్లే ఇగ..."

బయట మేస్త్రీ మోపెడ్ ఆగింది. కృపానందం తను గీసిన గీతను అరచేత్తో తుడిచేశాడు.

"చక్రాల కుర్చీ ఎంత వెడల్పుంటది, రాహేలూ?" అన్నాడు.