రెండో సంతకం

ఫారంలో సున్నా అని రాసి అర నిమిషం కాలేదు, ఆమె చూపు మళ్లీ ఆ సున్నా మీదికే పోయింది.

ఆ ఫారం ఆసుపత్రిలోని ఫార్మసిస్టులందరికీ వచ్చింది. మీ పనిలో మీకు తృప్తి ఉందా? మందుల కౌంటర్లో ఉన్నప్పుడైతే సగం మార్కులే వేసేది. ఆ తోపులాట, ఆ తిట్లు! క్యాన్సర్ మందులు కలిపే ఈ గదికి వచ్చి రెండేళ్లు. హాయిగా ఉంది. డాక్టరు రాసిన మోతాదు రోగి బరువుకు సరిపోతుందో లేదో లెక్క వేసి చూసి, సీనియర్ మందు కలుపుతుంది. ఈమె విడిగా మళ్లీ లెక్క వేసి రెండో సంతకం పెట్టాలి. సీనియర్‌ను అందరూ తాసక్క అంటారు. తూకం వేసే తాసైనా తప్పుతుందేమో గానీ ఆవిడ తప్పదు. అలాంటి మనిషి వేసిన లెక్కను మళ్లీ వేయడమేమిటని మొదటి నెలలోనే మానేసింది. సంతకం మాత్రం పెడుతోంది.

'ఇప్పటివరకు మీరు పట్టుకున్న పొరపాట్లు ఎన్ని?'

సున్నా. లేకనా, చూడకనా?

ఫారం పక్కకు నెట్టింది. పొద్దున పంపిన మందు చీటీ తీసింది. రోగి బరువు ముప్పై ఎనిమిది కిలోలు. రెండుసార్లు లెక్క వేసింది. పంపిన మందు ఎనభై మూడు కిలోల మనిషికి సరిపోయేది.

వార్డుకు ఫోన్ చేసింది. “సిస్టర్, పొద్దుటి మందు సంచి... ఎక్కించేశారా?”

“ఎక్కడమ్మా! నరం దొరక్క గంట నుంచీ తంటాలు పడుతున్నాం. ఇదిగో, ఇప్పుడే దొరికింది.”

“వద్దు! ముట్టుకోకండి. వెనక్కి పంపేయండి.”

తాసక్క చేతి తొడుగులు విప్పుకుంటూ లోపలి గదిలోంచి వచ్చింది. “ఏంటే, అలా పాలిపోయావ్? ఫారం నింపమంటే పరీక్ష రాసినట్టు ఆ చెమటలేంటి?”

అసలు సంగతి చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పొరపాటు పట్టుకున్నానని గొప్పగా చెప్పుకోవచ్చు కూడా. కానీ గొంతు ఆగలేదు.

“అక్కా, డాక్టరుగారు బరువు అంకెలు తారుమారుగా చూసి, ముప్పై ఎనిమిదికి బదులు ఎనభై మూడు కిలోలకు మోతాదు రాసేశారు. సంచి ఆపించాను. కానీ మొదటి నెల తర్వాత నేను లెక్క వేసింది ఇవాళ ఒక్కరోజే. రెండేళ్లుగా ఒక్కటీ చూడలేదు. మీరు వేశారు కదా అని కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాను. తిట్టండి, కొట్టండి, మీ ఇష్టం.”

తాసక్క తిట్టలేదు. గోడ పట్టుకుని, అలాగే స్టూలు మీద కూలబడింది.

“నువ్వు చూస్తావనే కదే, నేను లెక్కలు మానేసింది!”