ఎవ్వలూ పంచలేని సంఖ్య

ఆ రోజు ఉదయం నా భార్య ఆమని రెండు చెంచాల జావ తాగింది. మధ్యాహ్నం మంచం మీదినుంచే కంప్యూటర్ వైపు చూసింది. తను ఎంచుకున్న ఇరవై లక్షల అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చమని మూడు నెలల కింద, మేడ్చల్ కాలేజీలో లెక్కలు చెప్తున్నప్పుడే, దానికి అప్పగించింది.

"ఇగో, తేలిందా?"

"తేలింది. ప్రధాన సంఖ్యే," అన్నాను.

ఆమని నవ్వింది. "అయితే గుండ్లపోచంపల్లిల మీ అన్నదమ్ముల భూమోలె గాదు. దీన్ని ఎవ్వలూ పంచలేరు."

సాయంత్రం ఆమని పోయింది.

కంప్యూటర్ ఇంకా లెక్క చేస్తూనే ఉంది. ఫలితం రేపు మధ్యాహ్నం వస్తుందని తెర మీద కనిపిస్తోంది. ఇంత పెద్ద సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలు చాలా అరుదు.

రేపు పొద్దున్నే లేచి ప్లగ్గు తీసేస్తాను.