హార్న్ పీకించిన కారు

ఆక్లండ్‌లో మా పచ్చళ్ల కొట్టు తెరవడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. సరుకు ఓడరేవులో ఉంది, కారు ఇంటి ముందుంది. బీమా లేకపోతే ఆ ఊళ్లో కారు తలుపే తెరుచుకోదు.

నా గుంటూరు లైసెన్సు చూపించాను. ఇరవై రెండేళ్లలో దాని మీద ఒక్క కేసు లేదు. బీమా కంపెనీ యంత్రం మాత్రం నా పాత కారు జ్ఞాపకమంతా తెప్పించుకుని చదివింది.

"పోలిశెట్టి గారూ, మీరు తొమ్మిది లక్షల సార్లు హార్న్ కొట్టారు. అంటే తొమ్మిది లక్షల ప్రమాదాలు త్రుటిలో తప్పాయి. ప్రీమియం రెట్టింపు."

"భయపడి కొట్టినవి కావండీ. వస్తున్నానని చెప్పడానికి కొట్టినవి."

"అయితే బండి నడుపుతూ తొమ్మిది లక్షల మందితో కబుర్లాడారు. మూడింతలు."

పక్కనున్న మా ఆవిడ సుభాషిణి నన్ను మోచేత్తో పొడిచింది. "ఇక నోరు మూసుకోండి. ఇంకో మాటన్నారంటే కొట్టు కూడా వాళ్లకే రాసివ్వాలి."

చెడ్డ సరుకు వదిలించుకుంటేనే బేరం తెగుతుంది. "హార్న్ పీకించేస్తాను, ఎంతకిస్తారు?" అన్నాను. యంత్రం ఆ ఊరివాళ్ల రేటుకే దిగింది. పీకించాను. తలుపులు తెరుచుకున్నాయి.

ఓడరేవు నుంచి జాడీలతో వస్తుంటే, మలుపులో ఒక ముసలాయన కుక్కతో రోడ్డు దాటుతున్నాడు. అలవాటుగా అరచెయ్యి స్టీరింగు మీద పడింది. చప్పుడు రాలేదు.

"పీం పీం!" అంది నా నోరు.

కారు తనంతట తానే పక్కకు తప్పుకుని ఆగిపోయింది. "రెండో హార్న్ ఉన్న సంగతి మీరు దాచారు. బీమా రద్దు," అంది కారులోంచి బీమా యంత్రం.

ఒళ్లో ఆవకాయ జాడీ పట్టుకున్న సుభాషిణి నా వంక తిరిగింది.

"అప్పుడే చెప్పానా, నోరు మూసుకోమని!"