టార్పాలిన్ కింద సామాను

"దించు! ఆ కొండంత మూట దించితేగానీ నీ జీపు ఇక్కణ్ణించి అంగుళం కదలదు," అన్నాడు కెప్టెన్, బానెట్ మీద అరచేత్తో చరుస్తూ.

ఆయన సైన్యంలో ఏనాడూ పనిచేయలేదు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. సెలవుల్లో జీపులేసుకుని కొండలెక్కి, టెంట్లు వేసుకుని గడిపే ఈ బృందానికి పెద్ద కాబట్టి ఆ పేరు. ఎదుటివాళ్ళు ఎన్నేళ్ళుగా బండి నడుపుతున్నా సరే, ఇవాళే క్లచ్ నేర్చుకుంటున్నట్టు చూస్తాడు.

నిటారు ఎక్కుడు మొదలయ్యే చోట నాలుగు జీపులూ ఆగి ఉన్నాయి. కుడిపక్క పల్లం. ఆయన గద్దిస్తున్న నర్సు జీపు పైన క్యారియర్ నిండా సామాను పేర్చి, టార్పాలిన్ కప్పి, తాళ్ళతో బిగించి ఉంది. మిగతా మూడింటి మీదా ఒక్కో సంచి మాత్రం బుద్ధిగా కూర్చుంది.

"గట్టిగానే కట్టానండీ. కదలదు," అంది నర్సు.

"కదలకపోతే సరిపోయిందా? పైన బరువెక్కితే ఏటవాలులో బండి పక్కకి ఒరుగుతుంది. బోల్తా పడితే నిన్ను మోసుకురావాల్సింది మేమా? జీపుకి ఒక్క సంచి అని వారం నుంచీ మొత్తుకుంటున్నాను. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

ఆయన చెప్పింది నిజమే. చెప్పిన తీరుకే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నర్సు మాత్రం తల వంచుకుంది. నైట్ డ్యూటీల మీద నైట్ డ్యూటీలు చేసి, హెడ్ నర్సు కాళ్ళావేళ్ళా పడితే దొరికిన సెలవు ఇది. ఇక్కడిదాకా వచ్చాక వెనక్కి పంపేస్తాడేమోనని ఆమె భయం.

"సగం ఇక్కడే దించుతానండీ. పైకి వెళ్ళి మళ్ళీ వచ్చి పట్టుకెళ్తాను. విప్పడం మాత్రం నాకొదిలేయండి."

"ఏం? నేను విప్పితే ఏమవుతుంది?"

ఆమె బ్యాంకు మేనేజరు వైపు చూసింది. ఆయనకి సరిగ్గా అప్పుడే షూ లేసు కట్టుకునే పని పడింది. లెక్చరర్ దంపతుల వైపు చూసింది. ఇద్దరూ తలెత్తి మబ్బుల్ని పరిశీలిస్తున్నారు.

కెప్టెన్ టైరు మీద కాలేసి పైకెక్కాడు. చాకు తీసి తాళ్ళు టపటపా కోసేశాడు.

"ఏమండీ, ఒక్కమాట..." ముందు జీపులోంచి ఆయన భార్య పిలిచింది.

"నువ్వుండవే! ఇక్కడ ఒకావిడతోనే వేగలేక చస్తున్నా."

టార్పాలిన్ లాగి పారేశాడు. మడత మంచం, ఐసు పెట్టె, కట్టలు కట్టిన కుర్చీలు, క్యారమ్ బోర్డు బయటపడ్డాయి. కెప్టెన్ పెద్దగా నవ్వాడు.

"ఒంటి మనిషివి. ఇన్ని కుర్చీల్లో ఎలా కూర్చుంటావమ్మా? పూటకొకటా?" అన్నవాడు చప్పున నవ్వు ఆపేశాడు. "ఓహో! ఇవన్నీ నీవి కావన్నమాట. నా కళ్ళుగప్పి ఎవరెవరు ఎక్కించారు?"

మేనేజరు రెండో షూ లేసు మీదికి వంగాడు.

"మేనేజరు గారూ, ఈ మంచం మీదేనా?"

"అబ్బే, నాకు మంచమెందుకండీ! హాయిగా నేల మీదే పడుకుంటాను."

"ఐసు పెట్టె?"

"మాది కాదు," అన్నాడు లెక్చరర్. "మేం చల్లటి నీళ్ళే ముట్టం," అంది పక్కనున్న ఇల్లాలు.

నిన్న సాయంత్రం వీటిని మోసుకొచ్చి, 'నీ బండి ఖాళీయేగా తల్లీ, కెప్టెన్‌కి మాత్రం చెప్పకు' అని బతిమాలింది ఈ పెద్దమనుషులే. నర్సు వాళ్ళ మొహాల్లోకి చూసింది. ఒక్క ముక్కతో అందరి బండారం బయటపెట్టొచ్చు. కానీ మాటిచ్చింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసింది.

"అయితే అన్నీ నీవే. బండి తిప్పు. ఇంటికి పో," అన్నాడు కెప్టెన్.

"మళ్ళీ ఇప్పట్లో నాకు సెలవు దొరకదండీ."

"దొరక్కపోతే నాకేం? నా మాటంటే మాటే. ఈ సామాను ఎవరిదైతే వాళ్ళు ఇటునుంచి ఇటే ఇంటికి. రెండో మాట లేదు. విన్నారా అందరూ?"

విన్నామన్నట్టు అందరూ తలలూపారు. మేనేజరు అయితే రెండుసార్లు ఊపాడు.

అన్నిటికన్నా అడుగున దుప్పటి చుట్టిన పెద్ద పెట్టె ఒకటుంది. కెప్టెన్ రెండు చేతులతో లాగాడు. కదల్లేదు.

"ఏం పెట్టావిందులో, రోడ్డు రోలరా?"

"దాన్ని మాత్రం ముట్టుకోకండి!" నర్సు గబగబా ముందుకొచ్చింది. "మీకు దణ్ణం పెడతాను. నేనే వెళ్ళిపోతాను. దాన్నలా వదిలేయండి."

వద్దంటే ఆగే మనిషి కాదాయన. క్యారియర్ మీద చతికిలబడి, రెండు కాళ్ళూ పెట్టెకి ఆనించి ఒక్క తోపు తోశాడు. పెట్టె దభీమని దారి అంచున పడి, అక్కణ్ణించి పల్లంలోకి దొర్లింది. రాళ్ళకి కొట్టుకుంటూ పోయి ఎక్కడో మూత ఊడింది. లోపలి గిన్నెలు ఖంగుఖంగుమంటూ తలోదిక్కుకీ పోయాయి.

"ఎవరిదో వాళ్ళు దిగి ఏరుకుని, ఇంటిదారి పట్టండి!" అంటూ కెప్టెన్ చేతులు దులుపుకున్నాడు.

ముందు జీపు తలుపు తెరుచుకుంది. ఆయన భార్య దిగి, కొంగు నడుముకి దోపుకుని, దారి అంచుదాకా వచ్చి కిందికి తొంగి చూసింది. ఆ తర్వాత క్యారియర్ మీదున్న మొగుడి వైపు తలెత్తింది.

"మనదేనండీ," అంది. "నేను దిగి ఏరుకొస్తాను. ఈలోగా మీరు బండి వెనక్కి తిప్పండి."